పొగలేని పొయ్యి: హైదరాబాద్ నమూనా కథ

పల్లెటూరి ఇంటిలో వంటగది ఏదో తెలుసుకోవడానికి ఒకప్పుడు గోడల మీది మసి చాలు. మూడు రాళ్ల మధ్య కట్టెలు పేర్చి, ఊదుడు గొట్టంతో నిప్పు రాజేసే ఇల్లాలికి కళ్ల మంట, దగ్గు నిత్యానుభవాలు. వాటిని వ్యాధి లక్షణాలుగా గాక గృహిణీ ధర్మంలో భాగంగానే సమాజం చాలాకాలం భావించింది. ఆ భావనను సవాలు చేసిన తొలి ప్రయత్నాలలో 1947 నాటి వార్ధా 'మగన్ చుల్హా' ఒకటి కాగా, హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాలయానికి చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు రూపొందించిన పొయ్యి మరొకటి. ఆ సంస్థ ఆంగ్లనామంలోని తొలి అక్షరాలతో అది 'హెర్ల్ చుల్హా'గా ప్రసిద్ధి పొందింది. 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అన్న ఆయన గ్రంథం 1953లో మద్రాసులో వెలువడింది. లక్షలాది సామాన్యుల వంటిళ్లను ఉద్దేశించిన ఆ పేరులోనే రచయిత సంకల్పం స్పష్టం.

నిర్మాణం నిరాడంబరమైనది. మట్టితో కట్టిన సొరంగం వంటి దారి, దాని మీద వరుసగా గిన్నెలకు రంధ్రాలు, చివర ఇంటి కప్పును దాటి పైకి పోయే పొగగొట్టం. మొదటి గిన్నెకు తగిలిన మంట తక్కిన గిన్నెలను కూడా వేడిచేసి గాని బయటికి పోదు. గాలి లాగుడును అదుపు చేయడానికి ఒక లోహపు రేకు అమర్చారు. అసలు విద్య అంతా ఆ రేకులోనే ఉంది. నిప్పు అంటించేటప్పుడు దానిని పూర్తిగా తెరవాలి. మంట నిలదొక్కుకున్న తరువాత కొంత మూయాలి. తెరిచే ఉంచితే వేడి ఆకాశం పాలై కట్టెలు ఎక్కువ ఖర్చవుతాయి. తొందరపడి మూస్తే పొగ వెనుదిరిగి వంటగదిలోకే వస్తుంది. గిన్నె అడుగు రంధ్రానికి సరిగా అమరాలి, ఖాళీ రంధ్రాన్ని మూతతో కప్పాలి, కట్టెలను సన్నగా చీల్చుకోవాలి, గొట్టంలో పేరుకొన్న మసిని ఎప్పటికప్పుడు దులపాలి. తరతరాలుగా కంటిచూపుతోనే మంటను శాసించిన స్త్రీకి, కంటికి కనిపించని గాలిని శాసించడం కొత్త చదువే.

పొయ్యి కట్టడం ఒకటి, దానిని నడపడం వేరొకటి అన్న గ్రహింపు కొత్తది కాదు. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పోత ఇనుప పొయ్యిని గురించి 1744లో ప్రకటించిన చిన్న పుస్తకంలో తాపీపనివానికి వేరుగా, వాడుకొనే ఇంటివారికి వేరుగా సూచనలు ఇచ్చాడు. (పెన్సిల్వేనియా గవర్నరు ఇవ్వజూపిన పేటెంటును ఆయన నిరాకరించాడన్నది కూడా ఇక్కడ స్మరణీయం.)

భారతదేశంలో ఈ రెండవ భాగమే మరుగున పడింది. 1970 దశకంలో వంటచెరకు కొరత ప్రపంచవ్యాప్త చర్చకు వచ్చేసరికి పొయ్యి లక్ష్యం కొంత మారింది; స్త్రీ కళ్లకన్నా అడవికి ప్రాధాన్యం పెరిగింది. 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమాన్ని ఆరంభించింది. సబ్సిడీ ఇచ్చింది, పొయ్యిలు కట్టేవారికి శిక్షణ ఇప్పించింది. 2002లో అది ముగిసేనాటికి దాదాపు 3.5 కోట్ల పొయ్యిలు అమర్చినట్లు లెక్క తేలింది. కట్టిన పొయ్యికి లెక్క ఉన్నది గాని, వాడుకలో నిలిచిన పొయ్యికి అంతటి శ్రద్ధతో లెక్క లేదు. కార్యక్రమపు అసలు లోపం ఇదే అనక తప్పదు.

మరో దారి లేకపోలేదు. 1980 దశకపు తొలినాళ్లలో హర్యానాలోని నాడా గ్రామంలో మధు సరీన్ చొరవతో రూపొందిన 'నాడా చుల్హా'ను గ్రామ స్త్రీలే తమ చేతులతో కట్టారు, ఇతరులకు నేర్పారు. ఇంట్లో ఉన్న గిన్నెలను బట్టే రంధ్రాల కొలత నిర్ణయించారు. బీటవేసినప్పుడు మట్టి మెత్తడానికి ఎవరి రాక కోసమూ ఎదురుచూడవలసిన పని లేకపోయింది.

తరువాతి కాలంలో ఒడిశా గ్రామాలలో ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రెమా హన్నా జరిపిన దీర్ఘకాలిక పరిశీలన ఇదే విషయాన్ని మరోవైపు నుంచి చూపింది. పొగగొట్టపు పొయ్యిలు వచ్చిన మొదటి ఏడాది స్త్రీలు పీల్చే పొగ తగ్గింది. మరమ్మతులు, సక్రమ వాడకం కొరవడడంతో ఆపైన ఆ ప్రయోజనం మాయమైంది.

1999లో ఆంధ్రప్రదేశ్ 'దీపం' పథకం, 2016లో కేంద్రం 'ఉజ్జ్వల' పథకం పేద ఇళ్లకు వంటగ్యాసును చేర్చాయి. అయినా గ్యాసు ఉన్న ఎన్నో పల్లె ఇళ్ల పెరట్లో స్నానాల నీళ్లు నేటికీ కట్టెల మీదనే కాగుతున్నాయి. ఆ పొయ్యికి మూడు రాళ్లే, పొగగొట్టం లేదు.