చూచే అధికారం: నిఘా కెమెరాల చరిత్రలో ఒక అధ్యాయం

బట్టల దుకాణంలోగాని, నగల అంగడిలోగాని అడుగుపెట్టగానే పైకప్పు మూలనుంచి ఒక చిన్న గాజు కన్ను మనవంక చూస్తూ ఉంటుంది. దొంగను పట్టుకొనేందుకు అది అక్కడ ఉన్నదని అందరికీ తెలుసు. అయితే ఆ కన్ను చూచినదాన్ని ఎవరు చూస్తున్నారు? కాపలాదారా, యజమానా, కెమెరా అమర్చి వెళ్ళిన పనివాడా, లేక ఎక్కడో దూరాన కూర్చున్న అపరిచితుడా? విచిత్రమేమంటే, ఇటువంటి ప్రశ్నకు మొదట సమాధానం వెదకినవారికి కెమెరాలతో ఏ సంబంధమూ లేదు.

నిఘా కెమెరా పుట్టుక యుద్ధకాలపు ముచ్చట. 1942లో జర్మనీలో, బాల్టిక్ సముద్రతీరాన ఉన్న పేనెమ్యూండెలో, వి-2 రాకెట్టు ప్రయోగాలను సురక్షితమైన దూరంనుంచి చూచేందుకు వాల్టర్ బ్రూఖ్ అనే ఇంజనీరు టెలివిజన్ కెమెరాలను అమర్చాడు. తీగకు ఒక చివర కెమెరా, రెండవ చివర తెర. ఆ చిత్రం ఆకాశవాణి ప్రసారంవలె నలుదిక్కులా వ్యాపించదు, తీగ పోయినంత దూరమే పోతుంది. క్లోజ్డ్ సర్క్యూట్, అనగా మూసిన వలయం, అనే పేరు ఇందువల్లనే వచ్చింది. తరువాతి దశాబ్దాలలో ఈ పరికరం బ్యాంకులకు, అంగళ్ళకు చేరినప్పుడు చూచే అధికారాన్ని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించవలసిన అవసరం రాలేదు. తెర ఉన్న గదికి తాళం వేస్తే చాలు. టేపుమీద చిత్రాలను నమోదు చేయడం వచ్చిన తరువాత బీరువాకు మరొక తాళం. తాళపుచెవి ఎవరి చేతిలో ఉంటే అధికారం వారిది.

ఇదే కాలంలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో వేరొక చిక్కు ఎదురైంది. అప్పటి కంప్యూటరు ఒక గదినిండా పట్టేది, దాని ఖరీదు అపారం. ఒకరి పని పూర్తి అయిన తరువాతనే మరొకరి పని మొదలుపెట్టాలంటే ఎంతో కాలం వృథా. ఫెర్నాండో కోర్బాటో, ఆయన సహచరులు 1961లో ఒక ఏర్పాటును ప్రదర్శించారు. అనేకమంది వేర్వేరు టైపుయంత్రాల ముందు కూర్చొని ఒకే కంప్యూటరును ఏకకాలంలో వాడుకోవచ్చు. యంత్రం ఒకటే, వాడేవారు పలువురు. ఒకరి ఫైళ్ళు మరొకరికి కనిపించకూడదు కదా! అందుకని ఒక్కొక్కరికి ఒక పేరు, ఒక రహస్య సంకేతపదం ఇచ్చారు. నేడు మనం పాస్‌వర్డ్ అంటున్నది అదే.

ఆ తాళం ఎంత గట్టిదో త్వరలోనే తేలింది. అలెన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి తన పనికి కేటాయించిన కంప్యూటరు కాలం చాలలేదు. 1962లో అతడు రంధ్రాలు పొడిచిన కార్డుమీద ఒక కోరిక వ్రాసి యంత్రానికి అందించాడు: సంకేతపదాలు దాచిన ఫైలును అచ్చువేసి పెట్టమని. యంత్రం మారుమాటాడక అచ్చువేసింది. ఇతరుల పేర్లతో షెర్ తన పని సాగించుకున్నాడు. ఈ సంగతిని అతడు బయటపెట్టింది చాలా ఏళ్ళ తరువాత. 1966లో ఇంకొక వింత జరిగింది. ఇద్దరు నిర్వాహకులు ఒకే సమయంలో రెండు ఫైళ్ళను సవరిస్తుండగా, సవరణ కార్యక్రమం వాడే తాత్కాలిక ఫైలు ఇద్దరికీ ఒకటే కావడంవల్ల అవి తారుమారయ్యాయి. ఆనాటి సందేశం కనిపించవలసిన చోట, లోపలికి వచ్చిన ప్రతివారికీ అందరి సంకేతపదాల పట్టిక కనిపించింది!

ఈ రెండు ఉదంతాలలోనూ బయటి శత్రువు ఎవడూ లేడు. ఒకటి లోపలివాని తుంటరితనం, రెండవది లోపలివారి ఏమరుపాటు. కనుక ద్వారం దగ్గర పేరు అడగడంతో పని తీరదని పండితులు గ్రహించారు. 'నీవెవరు?' అన్నది ఒక ప్రశ్న. 'నీవు ఏమి చేయవచ్చు?' అన్నది వేరొక ప్రశ్న. తరువాత వచ్చిన మల్టిక్స్ అనే వ్యవస్థలో ప్రతి ఫైలుకూ ఒక జాబితాను తగిలించారు: దీన్ని చదువదగినవారు ఎవరు, మార్చదగినవారు ఎవరు అని. 1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఈ విజ్ఞానాన్ని కొన్ని సూత్రాలుగా కూర్చారు. వాటిలో మనకు ముఖ్యమైనది కనీసాధికార సూత్రం. ఎవరికైనా వారి పనికి అవసరమైనంత అధికారమే ఇవ్వాలి, అంతకు రవంత కూడా ఎక్కువ కాదు. వంటమనిషికి వంటింటి తాళపుచెవి ఇస్తాముగాని భోషాణం తాళపుచెవి ఇవ్వము కదా. 1992లో డేవిడ్ ఫెరయోలో, రిచర్డ్ కూన్ దీన్ని ఇంకొక మెట్టు ముందుకు తీసుకుపోయారు. అధికారాన్ని మనిషికి గాక ఉద్యోగానికి ముడిపెట్టమన్నారు. మనిషి ఉద్యోగం మారితే పాత అధికారం దానంతట అదే పోవాలి.

1996లో స్వీడన్‌లోని లుండ్ నగరానికి చెందిన ఆక్సిస్ సంస్థ కంప్యూటరు వలయానికి నేరుగా తగిలించగల కెమెరాను అమ్మకానికి తెచ్చింది. పెద్ద పరిమాణంలో ఒక్క చిత్రం పంపడానికి దానికి 17 సెకండ్లు పట్టేది. నవ్వు వచ్చే వేగమే. అయినా మూసిన వలయం ఆనాడు తెరుచుకున్నది. ఇకమీద తీగ తాళం కాదు. గది తలుపూ కాదు. కెమెరా తానే ఒక చిన్న కంప్యూటరు అయినందువల్ల, కంప్యూటర్లవారు ముప్ఫై అయిదేళ్ళుగా పడుతున్న తంటాలన్నీ దానికి వారసత్వంగా సంక్రమించాయి. వారు నేర్చిన పాఠాలు మాత్రం అంగళ్ళకు అంత త్వరగా చేరలేదు.

సూత్రప్రకారం ఒక పెద్ద దుకాణంలో కాపలాదారు అప్పటికప్పుడు జరుగుతున్నది చూడాలి. నిన్నటి దృశ్యాలను తిరిగి చూడడం మేనేజరు పని. కొత్త పేర్లు చేర్చి, పాతవి తొలగించేవాడు మూడవవాడు. ఎవరు ఎప్పుడు ఏమి చూచారో చిట్టా నమోదు కావాలి. తరచుగా జరిగేది వేరు. కర్మాగారంలో పెట్టిన 'అడ్మిన్' అనే పేరు, దానికి తగిన లోకవిదితమైన సంకేతపదం, అందరూ వాడుకొనేవి అవే. అందరూ ఒకే పేరుతో ప్రవేశించినప్పుడు చిట్టా ఉండి ప్రయోజనమేమి?

2016లో మిరాయ్ అనే దుష్ట కార్యక్రమం ఈ అలక్ష్యాన్నే ఆసరా చేసుకున్నది. కర్మాగారపు పేర్లు, సంకేతపదాల జతలు సుమారు 60 మాత్రమే దానివద్ద ఉన్నాయి. వాటితోనే లక్షలాది కెమెరాలు, రికార్డరులు వగైరా పరికరాలను వశం చేసుకున్నది. 2021 మార్చిలో అమెరికాలోని వెర్కాడా సంస్థ కెమెరాలలోకి కొందరు చొరబడ్డారు. వారికి దొరికినది అన్నిటికన్న పై అధికారం గల ఒక నిర్వాహకుని ప్రవేశం. ఆసుపత్రులలో, పాఠశాలలలో, చెరసాలలలో ఉన్న సుమారు 1,50,000 కెమెరాల దృశ్యాలు దానితో అందుబాటులోకి వచ్చాయి. ఒక్క తాళపుచెవికి అన్ని తలుపులు తెరుచుకొనే ఏర్పాటు ఎందుకు ఉండవలసి వచ్చిందన్నదే ఇక్కడి అసలు ప్రశ్న.

మన దేశంలో ఈ సమస్య దూరపుది కాదు. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ప్రజాభద్రత చట్టం జనం గుమికూడే సంస్థలలో కెమెరాలు పెట్టాలనీ, దృశ్యాలను 30 రోజులు దాచాలనీ విధించింది. దాచినది ఉన్నచోట దాన్ని చూచేవాడు ఎవడన్న ప్రశ్న వెంటనే ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల దృశ్యాలు, వైద్యపరీక్షలో ఉన్న స్త్రీల దృశ్యాలు, బజారుకెక్కాయి. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి, మన దేశంలో అమ్మే నిఘా కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి అయినవి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమలులో ఉన్న చట్టం సులభంగా ఊహించగల కర్మాగారపు సంకేతపదాలను నిషేధించింది.

కెమెరాను ఎంత పరీక్షించినా, వాడేవారి పట్టికలో ఉన్న పేర్లను పరిశోధనశాల పరీక్షించలేదు. అమెరికాలోని డాలస్ ప్రాంతంలో కెమెరాలు అమర్చే పనివాడొకడు ఇళ్ళకు వెళ్ళినప్పుడు, వాడేవారి పట్టికలో తన చిరునామాను కూడా చేర్చి వచ్చేవాడు. ఏ తాళాన్నీ పగులగొట్టలేదు, ఏ సంకేతపదాన్నీ దొంగిలించలేదు. నాలుగేళ్ళకు పైగా, సుమారు 200 కుటుంబాల కెమెరాలను 9,600 పర్యాయాలకు మించి చూచాడు. 2021లో న్యాయస్థానం అతనికి 52 నెలల జైలుశిక్ష విధించింది.