గోటి నుండి నైలాను దాకా: తీగను మీటే బిళ్ళ చరిత్ర

కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉన్న ఊరు. ఊరు ఆంధ్రప్రదేశ్‌లోనిదే అయినా తమిళనాడు, కర్ణాటక సరిహద్దులు రెండూ దానికి దగ్గరే. అక్కడి సంతలో మూడు భాషలూ వినిపిస్తాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసినది కూడా ఆ ఊరిలోనే. తీగను వేలితో లాగి వదిలే పనికి ఈ మూడు భాషలలోనూ ఇంచుమించు ఒకే మాట ఉన్నది. తెలుగులో మీటు, కన్నడంలో మీటు, తమిళంలో మీట్టు. మాట ఇంత ఉమ్మడిది కాబట్టి, పని కూడా ఈ నేలపై చాలా పాతదని ఊహించవచ్చు.

ఇంతకూ దేనితో మీటాలి? వీణ నేర్చినవారు గోరు చూపుతారు. గిటారు నేర్చుకొంటున్న పిల్లవాడు జేబులో నుండి త్రికోణాకారపు చిన్న బిళ్ళను తీసి చూపుతాడు. వాడుకలో దానిని పిక్ అంటారు. శాస్త్ర గ్రంథాలలో ప్లెక్ట్రమ్ అని పేరు. మన నిఘంటువులలోనూ ఇట్టి సాధనానికి కోణము అనే సంస్కృత పదం ఉన్నది. అంగడిలో ఈ బిళ్ళలు అర మిల్లీమీటరు కన్న పలుచనివి మొదలుకొని 2 మిల్లీమీటర్లకు మించిన మందం గలవాటి వరకు, రకరకాల పదార్థాలతో చేసినవి దొరుకుతాయి. వాటిలో ఏది కొనాలన్నది అల్పమైన ప్రశ్నగా తోస్తుంది. కాని దాని వెనుక ధ్వనిశాస్త్రం ఉన్నది, రసాయనశాస్త్రం ఉన్నది, ఒక సముద్రజీవి ప్రాణం కూడా ఉన్నది.

స్వరలిపి చెప్పని సంగతి

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెకు వచ్చి, అక్కడి థియొసాఫికల్ కళాశాలలో కొన్నాళ్ళు గడిపారు. జేమ్స్ కజిన్స్ అప్పుడు ఆ కళాశాలకు అధిపతి. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ సంగీత పట్టభద్రురాలు, పియానో వాయించడంలో నేర్పరి. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో తొలిసారి వినిపించిన 'జనగణమన'ను ఠాకూరు మదనపల్లెలో పాడగా, ఆమె సహాయంతో దానికి స్వరలిపి సిద్ధమైంది. ఆ గీతానికి ఠాకూరు చేసిన ఆంగ్లానువాదం కూడా ఆ ఊరిలోనిదే. 1950 జనవరి 24న అది మన జాతీయ గీతమైన సంగతి అందరికీ తెలిసినదే.

స్వరలిపి ఏమి చెబుతుంది? ఏ స్వరం, ఎంతసేపు అన్నది చెబుతుంది. భౌతికశాస్త్ర పరిభాషలో అది పౌనఃపున్యాన్నీ, కాలాన్నీ నిర్ణయిస్తుంది. కాని అదే స్వరాన్ని పియానోపై ఒకసారి, వీణపై ఒకసారి వినిపిస్తే, కళ్ళు మూసుకొని ఉన్నవారు కూడా ఏది ఏదో చెప్పగలరు. ఈ భేదానికి నాదగుణం అని పేరు. దానికి కారణాలు పలు: వాద్యం దేహం, మెట్టు, తీగ లోహం. వాటితోపాటు తీగను కదిలించిన వస్తువు కూడా ఒక కారణం. పియానోలో తీగను కొట్టేది ఉన్ని దట్టించిన సుత్తి. వీణను మీటేది గోరు. సితారుకు వేలికి తొడిగే ఉక్కుతీగ మిజ్రాబు, సరోదుకు కొబ్బరి చిప్ప ముక్క. స్వరలిపిలో వీటికి చోటు లేదు. ఆ లోటును పూరించేది వాయించేవాని చేయి.

తీగలో జరిగేదేమిటి?

మీటినప్పుడు తీగ ఒకే పౌనఃపున్యంతో కంపించదు. మూల స్వరంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యం గల అనుస్వరాలు కూడా పుడతాయి. వీటిలో ఏవి ఎంత బలంగా ఉన్నవన్న దానిపై నాదగుణం ఆధారపడి ఉంటుంది.

ఆంగ్ల శాస్త్రజ్ఞుడు థామస్ యంగ్ 1800లో ఒక నియమాన్ని గుర్తించాడు. తీగను మీటిన చోట ఏ అనుస్వరానికి అస్పందన బిందువు ఉండవలెనో, ఆ అనుస్వరం పుట్టదు. సరిగా నడుమ మీటితే రెండవ, నాలుగవ, ఆరవ అనుస్వరాలు లోపిస్తాయి. మెట్టుకు దగ్గరగా మీటితే పై అనుస్వరాలు హెచ్చి నాదం పదునెక్కుతుంది. 1863లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ మీటే వస్తువు సంగతిని కూడా చేర్చి వివరించాడు. పదునైన గట్టి అంచుతో లాగితే తీగ ఆ చోట కోసుగా వంగుతుంది. కోసు ఎంత పదునైతే, పై అనుస్వరాలు అంత బలంగా పుడతాయి. వేలి కండ వంటి మెత్తని వస్తువుతో లాగితే వంపు గుండ్రమై, నాదం మృదువుగా ఉంటుంది.

విశాఖపట్నంలో చదువుకొన్న సి.వి.రామన్ 1921లో మన తంత్రీ వాద్యాలపై ఒక వ్యాసం ప్రకటించారు. వీణ, తంబురాలలో యంగ్ నియమం ప్రకారం లోపించవలసిన అనుస్వరాలు కూడా బలంగా వినిపిస్తున్నవని ఆయన చూపారు. వాటి మెట్టు పైభాగం పదునైన అంచుగా కాక, వెడల్పుగా కొంచెం వంపుతో ఉండడమే ఇందుకు కారణమని తేల్చారు. గిటారు మెట్టు అటువంటిది కాదు. కనుక గిటారులో మీటే చోటు, మీటే బిళ్ళ మరింత స్పష్టంగా వినిపిస్తాయి.

గోరు, కొమ్ము, ఈక, చిప్ప

వైణికులు చూపుడు వేలి, మధ్య వేలి గోళ్ళతో ప్రధాన తీగలను మీటి, చిటికెన వేలితో తాళపు తీగలను పలికిస్తారు. గోటి మందం సుమారు అర మిల్లీమీటరు. అది నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. ఒకసారి విరిగితే తిరిగి సరిపడేంత పెరగడానికి వారాలు పడుతుంది. ఉక్కు తీగలపై ఎక్కువసేపు వాయిస్తే త్వరగా అరుగుతుంది కూడా. కనుకనే గోటి పని చేయగల మరొక వస్తువు కోసం మానవుడు వెదకడం మొదలుపెట్టాడు.

ఆ అన్వేషణ ఎక్కడికి దారితీసిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అరబ్బుల ఊద్ వాద్యాన్ని పక్షి ఈక కాడతో మీటేవారు. దాని పేరు రీషా, అనగా ఈక అనే అర్థం. ఐరోపాలోని హార్ప్సికార్డులో తీగలను మీటినవి కాకి ఈకల కాడలు. మరికొన్ని చోట్ల గేదె కొమ్మును పలుచగా కోసి వాడారు.

కొమ్ము అనగానే చిత్తూరు సీమవారికి పుంగనూరు ఆవు గుర్తుకు వస్తుంది. సుమారు మూడడుగుల ఎత్తు మాత్రమే ఉండే ఆ పొట్టి జాతికి నెలవంక వంటి చిన్న కొమ్ములు ఉంటాయి. అరుదైపోయిన ఆ జాతిని పలమనేరు పరిశోధన కేంద్రంలో కాపాడుతూ వస్తున్నారు. ఏ ఆవు కొమ్మునైనా పరిశీలిస్తే లోపల ఎముక, దానిపై గట్టి తొడుగు కనిపిస్తాయి. ఆ తొడుగు కెరాటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడినది. మన గోరు కూడా కెరాటినే. ఈక కాడ, తాబేటి చిప్పపై పలక కూడా అంతే. నిర్మాణంలో కొంత భేదం ఉన్నా అవన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. గోటికి మారుగా మానవుడు ఏరుకొన్నవాటిలో పెక్కు, రసాయన దృష్టితో చూస్తే, మరో జంతువు గోరే!

వీటిలో తాబేటి చిప్పకు ఎక్కువ పేరు వచ్చింది. ఉష్ణమండల సముద్రాలలో పగడపు దిబ్బల దగ్గర బ్రతికే ఒక తాబేలుకు, గద్ద ముక్కు వంటి మూతి కారణంగా, ఆంగ్లంలో హాక్స్‌బిల్ అని పేరు. దాని వీపుపై 13 పెద్ద పలకలు ఇంటి పెంకుల వలె ఒకదానిపై ఒకటి అమరి ఉంటాయి. వేడి చేస్తే మెత్తబడి, చల్లారితే బిర్రుగా నిలిచే ఆ పలకలతో దువ్వెనలు, కళ్ళజోళ్ళ చట్రాలు, పెట్టెలు చేసేవారు. అమెరికా, ఐరోపాలలో మాండొలిన్ వ్యాపించిన 19వ శతాబ్ది చివరి భాగంలో మీటే బిళ్ళలూ ఆ పలకలతోనే తయారైనవి. తీగపై జారుతూ, తగినంత మాత్రమే వంగి, చప్పుడు చేయకుండా వదలడం దాని గుణం. బిళ్ళ చిన్నదే. కాని ఈ వస్తువులన్నీ కలిసి ఆ తాబేలు జాతిని వినాశం అంచుకు చేర్చినవి.

రసాయనశాస్త్రం ఇచ్చిన మారు వస్తువు

ఏనుగు దంతానికి మారుగా బిలియర్డు బంతులకు పనికివచ్చే పదార్థం కోసం వెదకుతూ, అమెరికాలో జాన్ వెస్లీ హయట్ 1870లో సెల్యులాయిడ్‌కు పేటెంటు పొందాడు. దూది వంటి సెల్యులోజును నత్రికామ్లంతో మార్చి, కర్పూరం కలిపి చేసిన పదార్థమిది. చిప్ప రంగులను, మరకలను అచ్చంగా అనుకరించడానికి అది అనువైనది. 1922లో న్యూయార్కులో లూయీజీ డాండ్రియా సెల్యులాయిడ్ రేకుల నుండి మీటే బిళ్ళలను కత్తిరించి అమ్మసాగాడు. నాటి నుండి బిళ్ళ చౌకైంది. అంతేకాదు, కావలసిన మందంలో, ఒకదానికొకటి సమానంగా దొరకసాగింది. దాని లోపం త్వరగా అరగడం, నిప్పు తగిలితే భగ్గుమనడం.

1935లో డ్యుపాంట్ సంస్థలో కారొథర్స్ బృందం నైలానును సృష్టించింది. నైలాను బిళ్ళ సులువుగా వంగుతుంది, విరగదు. తరువాత ఎసిటాల్ ప్లాస్టిక్కు వచ్చింది. జారుడు గుణం, అరుగుదలను తట్టుకొనే గుణం దానికి ఎక్కువ. 1981లో ఆ పదార్థంతోనే వచ్చిన ఒక బిళ్ళకు టార్టెక్స్ అని పేరు పెట్టారు. తాబేటి చిప్పను తలపించాలనే ఆ పేరు.

ఈలోగా చట్టం కూడా ముందుకు వచ్చింది. అపాయంలో ఉన్న జీవుల వాణిజ్యాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒడంబడిక 1973లో కుదిరి, 1975లో అమలులోకి వచ్చింది. 1977 నాటికి ఈ తాబేలు జాతి అంతటికీ అందులో గట్టి రక్షణ లభించింది. మన దేశం 1972లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం చేసుకొని, 1976లో ఆ ఒడంబడికలో చేరింది. అయినా 1996లో శాస్త్రజ్ఞులు ఈ తాబేలును అత్యంత అపాయకర స్థితిలో ఉన్న జీవుల పట్టికలో చేర్చవలసి వచ్చింది. మారు వస్తువు కనిపెట్టినంత మాత్రాన జీవి బ్రతకదు. మనం దానిని ఎన్నుకోవాలి కూడా.

మందం లెక్క

పదార్థం తరువాత చూడవలసినది మందం. ఒకే పదార్థంతో, ఒకే ఆకారంలో చేసిన రేకు బిర్రు దాని మందం ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. 0.5 మిల్లీమీటర్ల బిళ్ళ కన్న 1 మిల్లీమీటరు బిళ్ళ రెండింతలు కాదు, ఎనిమిదింతలు బిర్రు. 0.5 నుండి 0.73కు మారితేనే బిర్రు మూడింతలకు మించుతుంది. చేతికి తెలియనంత తేడా చెవికి తెలియడం అందువల్లనే.

పలుచని బిళ్ళ తీగను ఎక్కువ దూరం లాగకముందే తాను వంగిపోతుంది. నాదం తగ్గుతుంది, రేకు తట్టిన చప్పుడు వినిపిస్తుంది. కాని ఆరు తీగలనూ ఒక్క ఊపులో పలికించి పాటకు తోడు వాయించేటప్పుడు ఆ వంగడమే మేలు. మందపు బిళ్ళ వంగదు. చేయి ఎంత లాగితే తీగ అంత కదులుతుంది. ఒక్కొక్క స్వరాన్ని వేగంగా, స్పష్టంగా పలికించడానికి అది అనువు. దాని అంచును గుండ్రంగా నున్నగా చేస్తే నాదం గంభీరంగా, పదునుగా ఉంచితే నిగనిగలాడుతూ ఉంటుంది. లోహపు బిళ్ళ నాదం మిక్కిలి పదును, కాని తీగలను అరగదీస్తుంది. కొత్తగా నేర్చేవారు 0.7 మిల్లీమీటర్ల ప్రాంతపు బిళ్ళతో మొదలుపెట్టి, తమ చేతిని, చెవిని బట్టి ఇటో అటో జరగడం మంచిది.

బిళ్ళతో మీటిన వాద్యం మన సంగీతానికి పనికిరాదన్న సందేహాన్ని పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ తీర్చారు. జంట తీగల పాశ్చాత్య మాండొలిన్‌ను ఆయన ఐదు ఒంటి తీగల విద్యుత్ వాద్యంగా మార్చుకొన్నారు. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసి, 2014లో కన్నుమూసే వరకు దానిపై గమకాలతో సహా కర్ణాటక సంగీతాన్ని పలికించారు.

తరగతిలో చేయదగిన ప్రయోగాలు

ఇవన్నీ నమ్మవలసిన పని లేదు. పాఠశాలలోని సోనోమీటరుతో పరీక్షించవచ్చు. తీగను సరిగా నడుమ మీటి, వెంటనే ఆ నడుమనే వేలితో మెల్లగా తాకండి. నాదం ఇంచుమించు ఆగిపోతుంది. నాలుగవ వంతు దగ్గర మీటి, నడుమ తాకండి. పై షడ్జమం నిలిచి వినిపిస్తుంది. యంగ్ నియమం ఇదే. తరువాత ఒకే చోట కండతో, గోటితో, పోస్టుకార్డు ముక్కతో, ప్లాస్టిక్ ముక్కతో మీటి, కళ్ళు మూసుకొన్న విద్యార్థులచేత గుర్తింపజేయండి.

మందం నియమానికి, ఒకే ప్లాస్టిక్ రేకు నుండి సమానమైన పట్టీలు కత్తిరించి, స్క్రూ గేజితో మందం కొలవండి. ఒక పట్టీని బల్ల అంచు నుండి చాచి, కొసన చిన్న బరువు వేలాడదీసి, ఎంత వంగిందో చూడండి. రెండు పట్టీలను ఊరకే ఒకదానిపై ఒకటి పెడితే వంపు సగమవుతుంది. రెంటినీ గట్టి జిగురుతో పూర్తిగా అతికించి ఆరనిస్తే ఎనిమిదవ వంతుకు దగ్గరవుతుంది. అతికించనప్పుడు పట్టీలు ఒకదానిపై ఒకటి జారుతాయి. అతికించినప్పుడు అవి ఒకే మందపు రేకుగా పనిచేస్తాయి.

ప్రయోగం చివర ప్రతి విద్యార్థీ తనకు నచ్చిన నాదం ఏ ముక్కదో వ్రాసుకోవాలి. జవాబులు వేరువేరుగానే ఉంటాయి, ఉండవలెను కూడా. తాబేటి చిప్ప నాదం అంత గొప్పదా అని ఎవరైనా అడిగితే, పాతకాలపు వాదకులు దానిని ఎంతో ఇష్టపడిన మాట నిజమేనని చెప్పవచ్చు. ఆ ఇష్టానికి వెల చెల్లించినది వారు కాదు, పగడపు దిబ్బల మధ్య ఈదుతున్న మరొక ప్రాణి అన్న సంగతి కూడా చెప్పాలి.