కస్టమ్ ఈవెంట్లు: డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లో థ్రెడ్ల మధ్య సందేశాల చరిత్ర

డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లో తెర మీది విండోలు, బటన్లు, అంకెల గడులు సాధారణంగా ఒకే థ్రెడ్ చేతిలో ఉంటాయి. ఇంకో థ్రెడ్ తెరకు కబురు చెప్పాలంటే ప్రోగ్రామర్ తానే నిర్వచించుకున్న ఒక ఈవెంటును తెర థ్రెడ్ క్యూలో వేస్తుంది. అదే కస్టమ్ ఈవెంట్. గుంటూరు జిల్లాలో ఒక కోల్డ్ స్టోరేజీకి మిర్చి టిక్కీల లారీ వచ్చి వేబ్రిడ్జి ఎక్కిందనుకుందాం. బరువు సీరియల్ పోర్టు గుండా కంప్యూటరుకు చేరుతుంది. ఎప్పుడు చేరుతుందో తెలియదు గనక దాని కోసం వేరే థ్రెడ్ కాచుకుని ఉంటుంది. ఆ కాపలా తెర థ్రెడ్డుకే అప్పజెబితే అంకె వచ్చేదాకా విండో కదలదు. పోనీ, అంకె అందుకున్న థ్రెడ్డే గడిలో రాసేస్తే? అదే క్షణంలో తెర థ్రెడ్ ఆ గడిని గీస్తూ ఉండవచ్చు. ప్రోగ్రాము అక్కడికక్కడే కూలితే మేలే. ఎప్పుడో ఒకసారి తప్ప బయటపడని దోషం లోపల మిగిలిపోతేనే కష్టం.

ఈ పద్ధతిని చాలామంది ఒక సౌకర్యంగా చెబుతారు. చరిత్ర చూస్తే, ఒకసారికి ఒక థ్రెడ్డునే లోనికి రానిచ్చే తాళాలతో నెట్టుకురాలేక చేరుకున్న దారి ఇదని తెలుస్తుంది. అయితే విండోస్‌లో క్యూ థ్రెడ్లకంటే ముందుది; ఈవెంటును అక్కడ మెసేజ్ అంటారు. 1985లో వచ్చిన మొదటి విండోస్‌లోనే మెసేజ్ క్యూ ఉంది. 1024 నుంచి మొదలయ్యే సంఖ్యలను ప్రోగ్రామర్ల సొంత మెసేజ్‌లకు వదిలారు. 1993లో విండోస్ ఎన్‌టీ థ్రెడ్లను తెచ్చాక ఆ పాత క్యూయే వాటి మధ్య వంతెన అయింది. పోస్ట్‌మెసేజ్ అనే ఫంక్షన్ కబురు వేసి వెంటనే తిరిగొస్తుంది. సెండ్‌మెసేజ్ జవాబు వచ్చేదాకా ఆగుతుంది. ఆ సమయంలో తెర థ్రెడ్ కూడా కబురు పంపిన థ్రెడ్ కోసమే ఎదురుచూస్తుంటే రెండూ బిగుసుకుపోతాయి.

ఏ థ్రెడ్డయినా తెరను తాకేలా తాళాలు పెడితే సరిపోదా అన్నది న్యాయమైన ప్రశ్నే. జావా తొలి తెర లైబ్రరీ ఏడబ్ల్యూటీ ఆ ఆశతోనే మొదలైంది. తర్వాత వచ్చిన స్వింగ్ ఒకే థ్రెడ్ నియమానికి మారి, బయటి థ్రెడ్లకు పనిని తెర థ్రెడ్ క్యూలో వేసే ఇన్‌వోక్‌లేటర్ ఇచ్చింది. కారణాన్ని సన్ సంస్థకు చెందిన గ్రాహం హామిల్టన్ 2004లో వివరించాడు. మౌస్ నొక్కు ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి పైకి, ప్రోగ్రాముకు వస్తుంది; గీయమనే ఆజ్ఞ ప్రోగ్రాము నుంచి కిందికి వెళుతుంది. రెండు దారులూ అవే తాళాలను ఎదురెదురు వరుసలో పట్టుకోబోతాయి, మధ్యలో ఇరుక్కుంటాయి. జాగ్రత్తగా రాసినంత మాత్రాన ఈ చిక్కు తేలిగ్గా పోదు, ఎందుకంటే అది తెర పని స్వభావంలోనే ఉంది. జీటీకే అనే తెర లైబ్రరీ కూడా తన ఉమ్మడి తాళాన్ని 2012లో, 3.6 వెర్షన్‌లో, వాడవద్దంది. ప్రతి విండోకూ ఒక థ్రెడ్ ఇచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ బీఓఎస్‌ను ఎదురు ఉదాహరణగా చూపవచ్చు. కానీ అక్కడా ఒక విండో ఇంకో విండోకు మెసేజ్‌లే పంపుకునేది.

ఈవెంటు దాటినంత మాత్రాన అందులోని సరుకు క్షేమంగా దాటినట్టు కాదు. క్యూట్‌లో (ఇదీ ఒక తెర లైబ్రరీయే) పోస్ట్ చేసే ఈవెంటును సీ++ లోని న్యూతో సృష్టించాలి. పని అయ్యాక దాన్ని క్యూయే చెరిపేస్తుంది. డబ్ల్యూఎక్స్ విడ్జెట్స్ అనే మరో లైబ్రరీలో పాత పద్ధతి ఈవెంటుకు నకలు తీసేది. నకలులోని స్ట్రింగు మాత్రం అసలుతో ఒకే మెమరీని పంచుకోగలిగేది. అంటే రెండు థ్రెడ్లు మళ్ళీ ఒకే చోట చేతులు పెట్టినట్టే. అందుకే ఈవెంటు యాజమాన్యాన్నే అప్పగించే క్యూఈవెంట్ వచ్చింది.

2012లో సీ షార్ప్‌కు వేచి ఉండే పనిని మామూలు కోడులా రాయనిచ్చే ఎసింక్, అవెయిట్ వచ్చాక ఇదంతా పాతబడిందంటారు. విండోస్ ఫార్మ్స్‌లో అవెయిట్ తర్వాతి వరస తెర థ్రెడ్డుకు తిరిగి చేరేది ఆ మెసేజ్ క్యూ మీదుగానే; రాసేవాడి కంటికి కనబడదు, అంతే.

ఇంతకంటే బలమైన అభ్యంతరం క్యూ నిండిపోవడం. విండోస్‌లో ఒక క్యూ మామూలుగా 10,000 పోస్ట్ చేసిన మెసేజ్‌లనే పట్టుకుంటుంది. పైగా తెరను తిరిగి గీయమనే మెసేజ్ వాటి తర్వాతే అందుతుంది. వేబ్రిడ్జి నుంచి అంకెలు ఆగకుండా వస్తూ, ప్రతిదానికీ ఒక ఈవెంటు వేస్తే గడిలో బరువు మారడమే ఆగిపోవచ్చు. చివరి బరువును చిన్న తాళం కింద ఒకచోట ఉంచి, ముందటి ఈవెంటు ఇంకా క్యూలో ఉంటే కొత్తది వేయకపోవడమే దీనికి విరుగుడు. తాళం మళ్ళీ వచ్చింది కదా అనవచ్చు. కానీ దాన్ని పట్టుకున్నవాడు ఇంకో తాళం జోలికి పోడు, అంకె రాసో చదివో వదిలేస్తాడు. అందువల్ల హామిల్టన్ చెప్పిన ఎదురెదురు ఇరుకు ఇక్కడ పుట్టదు.