ఏ ఊరు మీది? – కరువు కాలువ నుండి రేషన్ కార్డు దాకా



2020 ఏప్రిల్‌లో మన మందిరం ముందు బియ్యం పంచిన రోజు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ముగ్గు గీతలు గీసి, దూరదూరంగా నిలబెట్టి, ఒక్కో ఇంటికి ఐదు కేజీల చొప్పున ఇచ్చాం. ఆ వరస చివర పొలిమేరలోని ఇటుక బట్టీ నుండి వచ్చిన ఒడిశా కుటుంబాలు కూడా నిలబడ్డాయి. వాళ్ళకు పని ఆగిపోయింది, మేస్త్రీ ఫోన్ ఎత్తడం లేదు. వాళ్ళను చూడగానే మేము అడిగిన మొదటి మాట "తిన్నారా?" అని కాదు. "ఏ ఊరు మీది? ఇక్కడ కార్డు ఉందా?" అని. మన వాళ్ళందరికీ ఇచ్చాక మిగిలితే ఇస్తామని పక్కన కూర్చోబెట్టాం. చివరికి మిగిలింది ఒక అర బస్తా. ఇది ఎవరి తప్పో కాదు, మేము చేసిందే. ఆ రోజు నుండి ఈ సంగతి మా మనసులో ములుకులా ఉంది.

పోయిన నెల ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన అదే ప్రశ్న మళ్ళీ తెచ్చారు. బట్టీకి ఈ ఏడు కొత్త కుటుంబాలు వచ్చాయి. వాళ్ళు తమ ఊరి కార్డు నంబరు చెప్పి, మన రేషన్ షాపులో వేలిముద్ర వేసి బియ్యం తీసుకుంటున్నారు. "అయ్యగారూ, నిన్నగాక మొన్న వచ్చిన వాళ్ళకి మన షాపులో బియ్యం ఏంటి? మన ఊళ్ళో కార్డు రాని వాళ్ళు ఎంతమంది లేరు?" అన్నారాయన. అడిగిన తీరులో కోపం ఉన్నా ప్రశ్నలో న్యాయం ఉంది. అందుకే అప్పటికప్పుడు జవాబు చెప్పకుండా, కొంచెం చరిత్ర చదివి రాస్తామని మాట ఇచ్చాం.

అప్పుడు ఊరు విడిచి రమ్మన్నారు

మన ఒంగోలు ప్రాంతం వాళ్ళకు ఈ కథ ధాత కరువు దగ్గర మొదలవుతుంది. 1876లో వానలు మొహం చాటేశాయి. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు ఎండిపోయాయి. 1878 దాకా సాగిన ఆ కరువులో దక్షిణాదిన చనిపోయినవారు యాభై లక్షలకు పైమాటేనని అంచనాలు ఉన్నాయి.

సర్కారు సాయం చేయలేదని కాదు. చేసింది, కానీ అనుమానంతో చేసింది. ఊరికే పెడితే జనం సోమరులవుతారని, అక్కర లేనివాళ్ళు కూడా వస్తారని భయం. 1877 ఆరంభంలో రిచర్డ్ టెంపుల్ అనే పెద్ద అధికారి మద్రాసు రాజధానికి వచ్చి కూలి తగ్గించాడు. రోజంతా మట్టి మోసిన మగవాడికి ఒక పౌను ధాన్యం, అర అణా. పౌను అంటే మన లెక్కలో అరకేజీ కూడా కాదు. ఆడవాళ్ళకు, పిల్లలకు అంతకంటే తక్కువ. మద్రాసు ఆరోగ్య శాఖ కమిషనర్ కార్నిష్ ఆ తిండితో మనిషి బతకడని గట్టిగా వాదించాడు. తరువాత కూలి కొంత పెంచక తప్పలేదు.

ఆ రోజుల్లోనే "దూర పరీక్ష" అని ఒక పద్ధతి ఉండేది. ఇంటికి దగ్గరలో పని చూపిస్తే అందరూ వస్తారు, నిజంగా ఆకలి ఉన్నవాడైతే దూరం నడిచైనా వస్తాడు అని దాని లెక్క. అంటే సాయం కావాలంటే ముందు ఇల్లు వదలాలి, పిల్లల్ని చంకనేసుకుని పని జరిగే చోటికి పోవాలి. అప్పటికే నీరసించిన మనిషికి అదెంత దూరమో మీరే ఆలోచించండి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఆ కరువు పనుల్లో ఒకటి బకింగ్‌హామ్ కాలువ. అప్పటి మద్రాసు గవర్నరు పేరే దానికి పెట్టారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఆ కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నారు. ఆయన యౌవనంలో సర్వేయరు పని నేర్చిన మనిషి. అక్కడికి ఎక్కడెక్కడి పల్లెల నుండో జనం వచ్చారు. అంటరానివారని పేరు పడ్డ మన తాతముత్తాతలు ఎందరో అక్కడ గంప పట్టుకుని కూలి తీసుకున్నారు. సంఘ సభ్యులైనా కాకపోయినా పని దొరికింది.

మనం గమనించవలసింది ఇంకొకటి ఉంది. బాప్తిస్మం ఇమ్మని అడిగినవారికి ఆ కరువు కాలమంతా, ఏడాదికి పైగా, ఆయన బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారేమోనన్న సందేహం తీరే దాకా ఆగారు. సాయం పంచడం ముగిశాకే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. సంఘంలో చేర్చుకునేటప్పుడు "ఎందుకు వచ్చావు?" అని పరీక్షించారు. ఆకలితో ఉన్నవాడికి పని ఇచ్చేటప్పుడు ఆ పరీక్ష పెట్టలేదు. సభ్యత్వం వేరు, అన్నం వేరు అని ఆ తరం మనకు చూపించింది.

తరువాత ఊరికే కట్టేశారు

కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. దాని వెంట కరువు కోడ్‌లు వచ్చాయి. ఆకలి చావులు ఆపడం సర్కారు బాధ్యతే అనే మాట కాగితం మీదికి ఎక్కింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టణాలకు రేషన్ వచ్చింది. స్వాతంత్ర్యం తరువాత అది ఊరూరా చౌక డిపోగా మారింది. 1983లో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు మన ఇళ్ళల్లో రోజూ అన్నం ఉడకడం ఎలా మొదలైందో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. 2013లో జాతీయ ఆహార భద్రత చట్టం వచ్చింది. మనిషికి నెలకు ఐదు కేజీలు అడుక్కునేది కాదు, హక్కు అని ఆ చట్టం చెప్పింది.

కానీ ఆ హక్కుకు ఒక తాడు ఉంది. కార్డు ఏ ఊళ్ళో ఉంటే, ఏ షాపుకు రాసి ఉంటే, బియ్యం అక్కడే. మనిషి కదిలితే కార్డు కదలదు. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టారు. కర్నూలు పడమటి పల్లెల నుండి కుటుంబాలకు కుటుంబాలు తలుపులకు తాళం వేసి గుంటూరు మిరప కోతలకు వస్తాయి. మన సంఘం కుర్రాళ్ళే హైదరాబాదులో, బెంగళూరులో సెంట్రింగ్ పనుల్లో ఉన్నారు. వీళ్ళందరి బియ్యం ఇంటి దగ్గర, ఆకలి పని దగ్గర.

వలస కూలీల కోసం 1979లోనే ఒక చట్టం చేశారు. ఐదుగురు లేదా అంతకు మించి పక్క రాష్ట్రం కూలీలను తెచ్చుకునే కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలి, దారి ఖర్చు ఇవ్వాలి, ఉండడానికి చోటు చూపాలి అని అందులో ఉండేది. ఆ చట్టం ఎంత మేరకు అమలైందో మన బట్టీ దగ్గరి గుడిసెలు చూస్తే తెలుస్తుంది.

అప్పుడు ఊరికి పొమ్మన్నారు

2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటన వచ్చింది. మర్నాటి నుండి పని లేదు, బస్సు లేదు. కార్డు ఎక్కడో వందల మైళ్ళ దూరాన ఉంది. ఇక నడవడం ఒక్కటే మిగిలింది. ములుగు జిల్లా మిరప తోటల్లో పనికి వచ్చిన 12 ఏళ్ల పాప ఒకతె ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ వైపు తన వాళ్ళతో నడుస్తూ, ఇల్లు చేరకముందే దారిలో కన్నుమూసింది. ఆ వార్త చదివిన రోజు మేము ప్రసంగం సిద్ధం చేసుకోలేకపోయాం.

1877లో "తిండి కావాలంటే ఇల్లు విడిచి రా" అన్నారు. 2020లో "తిండి కావాలంటే ఇంటికి పో" అన్నట్టయింది. రెండుసార్లూ దూరం నడిచింది పేదవాడే.

మంచి కూడా జరిగింది, అది చెప్పకపోతే అన్యాయం. తెలంగాణ ప్రభుత్వం ఆ మార్చి నెలలోనే పక్క రాష్ట్రాల కూలీలకు మనిషికి 12 కేజీల బియ్యం లేదా పిండి, 500 రూపాయలు ఇస్తామని ప్రకటించింది. కార్డు ఇక్కడిదా అని చూడలేదు. మే నెలలో కేంద్రం కార్డు లేని దాదాపు 8 కోట్ల వలస కూలీలకు రెండు నెలల పాటు మనిషికి 5 కేజీల ధాన్యం, కుటుంబానికి కేజీ శనగలు ఇస్తామంది. 2021 జూన్ 29న సుప్రీంకోర్టు వలస కార్మికుల కేసులో తీర్పు ఇస్తూ, కార్డు ఎక్కడిదైనా ఎక్కడైనా రేషన్ ఇచ్చే పద్ధతిని జూలై 31 లోగా అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని, వలస కూలీలకు సామూహిక వంటశాలలు నడపాలని ఆదేశించింది.

ఆ "ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు" మొదట ఎక్కడ నడిచిందో తెలుసా? 2019 ఆగస్టులో, మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య. అదే సమయంలో గుజరాత్, మహారాష్ట్రల మధ్య కూడా. 2022 జూన్‌లో అస్సాం చేరడంతో దేశమంతా పూర్తయింది. ముందు మన కర్నూలు మనిషికి హైదరాబాదులో తెరుచుకున్న తలుపే ఇప్పుడు ఒడిశా మనిషికి మన ఊళ్ళో తెరుచుకుంది. మన బిడ్డలకు కావాలనుకున్నది పరాయి బిడ్డలకు వద్దనగలమా?

పెద్దాయన ప్రశ్నకు జవాబు

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. కొత్తగా వచ్చినవాళ్ళు మన వాటా తింటున్నారా? ఈ పద్ధతిలో వాళ్ళు ఇక్కడ తీసుకుంటే అక్కడ ఆ మేరకు తగ్గుతుంది. ఒక కార్డు మీద రెండు చోట్ల బియ్యం రాదు. కుటుంబంలో సగం మంది అక్కడ, సగం మంది ఇక్కడ ఉంటే ఎవరి వాటా వాళ్ళు ఉన్నచోట తీసుకోవచ్చు. అయితే మన డీలరుకు వచ్చే సరుకు మన ఊరి కార్డుల లెక్క మీద వస్తుంది. బట్టీ సీజనులో అది చాలకపోవచ్చు. అప్పుడు అదనపు సరుకు అడగవలసింది అధికారులను. ఆ పోట్లాట మనం, వాళ్ళు కలిసి చేయవలసింది.

మన ఊళ్ళో అర్హులకు కార్డులు రాలేదన్న మాట నిజమే. దానికి కారణం ఒడిశా వాళ్ళు కాదు. దేశమంతటా ఎంతమందికి ఇవ్వాలన్నది ఇప్పటికీ 2011 జనాభా లెక్కల మీదే నడుస్తోంది. ఆ తరువాత పెరిగిన కుటుంబాలు బయటే నిలబడ్డాయి. వాళ్ళలో మన ఊరివాళ్ళూ ఉన్నారు, వలస వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఒకే తలుపు బయట నిలబడ్డవాళ్ళు ఒకరినొకరు నెట్టుకుంటే తలుపు తెరుచుకోదు.

అలాగని అన్నీ వచ్చిన రోజే ఇవ్వాలని మేము అనడం లేదు. ఇంటి స్థలం లాంటి వాటికి ఇన్నాళ్ళు ఇక్కడ ఉన్నావా అని అడగడంలో న్యాయం ఉంది. అవి ఒక ఊళ్ళో స్థిరపడే జీవితానికి సంబంధించినవి. కానీ తిండి, పసిబిడ్డ పాలు, గర్భిణి ఆరోగ్యం, పిల్లల బడి వీటికి గడువు పెట్టలేం. ఆరు నెలల నివాసం చూపించే దాకా ఆకలి ఆగదు.

మోయాబు నుండి వచ్చిన రూతు బేత్లెహేములో అడుగుపెట్టింది యవల కోత మొదలైన వేళ. ఊళ్ళోకి వచ్చి ఎన్నాళ్ళయిందని పొలం దగ్గర ఎవరూ లెక్క పెట్టలేదు. పరదేశికి, పేదకు పరిగె విడిచిపెట్టాలని అక్కడి ధర్మశాస్త్రం ముందే నిర్ణయించింది. ఆమె అడుక్కోలేదు, ఎండలో వంగి ఏరుకుంది. బోయజు గారు చట్టం చెప్పినంతతో ఆగక, ఆమె కోసం కొన్ని పనలు కావాలనే జారవిడవమని కూలీలకు చెప్పారు. చట్టం హక్కు ఇచ్చింది, మనిషి గౌరవం ఇచ్చాడు. రెండూ కావాలి.

చట్టం వరకు ఇప్పుడు ఉంది. మిగిలిన పని మనది. ఈ వారం మన సంఘం మూడు పనులు చేయాలని కోరుతున్నాం. బట్టీ దగ్గరికి వెళ్ళి, ఎవరికి కార్డు ఉంది, ఎవరికి లేదు అని తెలుసుకుందాం. ఇంటి దగ్గరి కార్డు ఇక్కడ చెల్లుతుందని తెలియనివాళ్ళు ఇంకా ఉంటారు. రెండోది, అక్కడి గర్భిణులను, బాలింతలను, ఆరేళ్ల లోపు పిల్లలను మన అంగన్‌వాడీకి తీసుకెళదాం. ఆ ఆహారం 2013 చట్టం ప్రకారం వాళ్ళ హక్కు. మూడోది, మన ఊళ్ళో కార్డు రాని కుటుంబాల పేర్లు కూడా రాసి, రెండు జాబితాలూ కలిపి ఒకే అర్జీగా అధికారులకు ఇద్దాం. అడిగిన పెద్దాయననే ముందు సంతకం చేయమని బతిమాలుకున్నాం. ఆయన నవ్వి సరేనన్నారు.

ఈసారి వరసలో ఎవరు నిలబడినా మేము అడిగే మొదటి మాట మారుతుంది. "తిన్నారా?" అని అడుగుతాం. ఊరి పేరు అన్నం పెట్టాక అడుగుదాం, అదీ పరిచయం కోసం.

ప్రభువు మనకు అటువంటి మనసు దయచేయును గాక. ఆమేన్.