అంతేవాసి ధర్మము: పని నేర్పు యజమానుని చరిత్రము



పని చేయించుకొనువాడే పని నేర్పుట మేలని నేడు ప్రభుత్వములును పరిశ్రమాధిపతులును పలుకుచున్నారు. ఇది క్రొత్త మాట కాదు. దీని పూర్వచరిత్రమును, ఇందలి లాభమును, ఇందు పొంచియున్న కీడును సంగ్రహముగా విన్నవించుటకై యీ వ్యాసము వ్రాయబడినది.

నారదస్మృతి శిల్పము నేర్వగోరువానిని అంతేవాసి యని పేర్కొన్నది. అతడు బంధువుల యనుమతి గైకొని, ఇంతకాలమని గడువు నిర్ణయించుకొని, ఆచార్యునియొద్ద వసింపవలెను. ఆచార్యుడు వానికి అన్నము పెట్టి, తన యింటనే విద్య గఱపి, పుత్రునివలె చూడవలెను. వేఱు పని చేయింపరాదు. విద్య ముందుగనే యలవడినను శిష్యుడు గడువు తీరువఱకు నిలువవలెను. అంతవఱకు వాని పనివలని ఫలము గురువునకే చెందును. యాజ్ఞవల్క్యుడును ఈ గడువు నియమమునే చెప్పెను. నిర్దోషియైన గురువును విడిచిపోవువానికి దండన సైతము విధింపబడినది. దానిని నేడు మన మంగీకరింపము. కాని యిందలి లెక్క సూక్ష్మమైనది. తొలినాళ్ల గురువునకు ఖర్చు, కడపటినాళ్ల లాభము. వేఱు పని చేయింపరాదను నిషేధమే యీ యొడంబడికకు ప్రాణము.

ఆ నిషేధము చెడినచో నేమగునో ఇంగ్లండు దేశచరిత్రము తెలుపుచున్నది. అచ్చట 1563 నాటి శాసనము వృత్తి నేర్చువానికి ఏడేండ్ల శిష్యత్వము విధించెను. పదునెనిమిదవ శతాబ్ది చివర నూలుమిల్లుల యజమానులు దిక్కులేని పిల్లలను శిష్యులను పేరనే చేర్చుకొని రేయింబవళ్లు పని చేయించిరి. పేరు శిష్యుడు, బ్రతుకు కూలి. 1802లో నొక చట్టము పుట్టి, వారి పనిని దినమునకు 12 గంటలకు మితము చేసి, మొదటి నాలుగేండ్లు చదువును లెక్కలును నేర్పవలెనని శాసించెను. దానిని అమలు జరుపుటకు తగిన పర్యవేక్షణ లేమిచే ఫలము స్వల్పమయ్యెను.

జర్మనీ దేశమువారు వేఱొక మార్గమున నడచిరి. అచ్చటి విద్యార్థి వారములో కొన్ని దినములు పనిచోటను, కొన్ని దినములు వృత్తి పాఠశాలలోను నేర్చును. యజమానుడు భృతి యిచ్చును. 1969 నాటి చట్టము ఈ పద్ధతి నంతటిని క్రోడీకరించెను. కడపటి పరీక్షచేయు సంఘములో యజమానుల పక్షమువారు, పనివారి పక్షమువారు, ఉపాధ్యాయులు కూర్చుందురు. నేర్పిన యజమానుడొక్కడే నేర్పుటకు సాక్షి కాకుండుట యిందలి గొప్పతనము.

మన దేశమున జమ్‌షెడ్‌పూరు మంచి నిదర్శనము. టాటా కంపెనీవారు 1912లో అచ్చట ఉక్కు తీసిరి. ఆదిలో కొలుముల కడ నిపుణులు పెక్కురు విదేశీయులు. 1921లో కంపెనీవారే సాంకేతిక విద్యాలయమును నెలకొల్పి భారతీయ యువకులను శిక్షితులను జేయ నారంభించిరి. తమకేది కావలయునో తామెఱిగినవారు గాన దానినే నేర్పిరి. పిదప 1961లో అప్రెంటిసుల చట్టము వచ్చెను. దాని ప్రకారము అప్రెంటిసు నేర్చువాడే కాని కార్మికుడు కాడు; యజమానుడు వానికి స్టైపెండు చెల్లింపవలెను.

ఈ పద్ధతివలని లాభములు స్పష్టములు. బడిలోని యంత్రము పాతబడును. పనిచోటి యంత్రము నేటిది. తప్పు చేసినచో సరకు చెడును గనుక తప్పు వెంటనే తెలియును. పేదపిల్లవాడు నేర్చుచుండగనే నాలుగు రూకలు గడించును. యజమానునకు తన పనికి తగిన హస్తము లభించును.

ఇక నొక యనుభవము. నా శిష్యుడొకడు పదవ తరగతి ముగించి, తన బంధువు పనిశాలలో లేతుపని నేర్వజేరెను. ఏడాది తరువాత కనబడినపుడు, "ఏమి నేర్చితివిరా?" యంటిని. "ఇంకను యంత్రము ముట్టనీయలేదు మాస్టారూ. ఊడ్చుటయు, టీ తెచ్చుటయు నా పని" యనెను. గడువెంత యని యడిగితిని. "మనవాడే గదా యని నాన్న అడుగలేదండీ" యని తల వంచుకొనెను. నాకు నోట మాట రాలేదు.

ఈ సభలో పనిశాలల యధిపతులును గలరు, కొడుకును పనికి పెట్టదలచిన తండ్రులును గలరు. ఇరువురును బంధువులే. బంధుత్వమున్నచోట గడువడుగుట అమర్యాద యని మనవారి భావము. కాని నారదుడు బంధువుల యనుమతిని చెప్పిన చోటనే గడువును చెప్పెను. ఒకటి రెండవదానికి బదులు కాదు. గడువెంత? నేర్పువాడెవడు? భృతి యెంత? నేర్చినదానిని పరీక్షించు నితరుడెవడు? ఈ నాలుగింటిని తండ్రి యడుగవలెను. అడుగకమునుపే యజమానుడు కాగితముపై వ్రాసి యిచ్చినచో మఱియు శోభ. మన సంఘము అట్టి యొడంబడిక పత్రము నొకదానిని సిద్ధపఱచి, వచ్చు మహాసభ నాటికి పనిశాలలన్నిటికిని పంపవలెనని సవినయముగా ప్రార్థించుచున్నాను.