తెర యెదుట అనంతపురము

సాలీనా సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే కురియు వానతో, అదియును అదనుకు రాక, అదను తప్పిన పిదప ఒక్కపెట్టున కురిసిపోవు వానతో, తరతరములుగా కరవునకు మారుపేరై నిలిచిన అనంతపురము సీమను గూర్చి వ్రాసినవారందరును ఎండిన చెరువులను, బీడువారిన చేలను, వలసపోవు కూలీలను గూర్చియే వ్రాయుచు వచ్చిరి. ఆ వ్రాతలలో అసత్యము లేదు. కాని రాత్రివేళ వెలుగు తెర యెదుట కూర్చుండి, కథ ముగిసిన మీదట ఏ దృశ్యము ఎట్లు సాధింపబడెనో తెల్లవారుదాక తర్కించుకొనుట ఈ సీమ జనులకు గల పాత అలవాటు. దానిని పట్టించుకొన్నవారు అరుదు. సినిమా పుట్టుటకు ఎన్నో తరములకు పూర్వమే ఆ అలవాటు ఇచ్చట వేళ్ళూనినదనియు, తెలుగు చలనచిత్రమునకు కన్నులపండువ యనదగు రూపము దిద్దిన దర్శకుడు ఈ మట్టిలోనే పుట్టుట కాకతాళీయము కాదనియు నా విశ్వాసము.

ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలాటగాండ్ర కుటుంబములు నేటికిని కలవు. ఇంటిలో మరాఠీ మాండలికము, తెర వెనుక తెలుగు పద్యము వీరి వాడుక. మేకతోలును నానబెట్టి, వెండ్రుకలు తీసి, వెలుగు చొరునంత పలుచగా గీకి ఆరబెట్టి, దానిపై రూపము గీచి, నగలుండు చోట్ల సన్నని రంధ్రములు పొడిచి, ఎరుపు, పచ్చ, నలుపు రంగులు అద్ది, భుజములు, మోచేతులు, మోకాళ్ళు కదలుటకు వీలుగా వేరు వేరు తునకలు ముడివేసి కూర్చుదురు. తెల్లని బట్టను బిగించి కట్టి, వెనుక ఆముదపు దీపములు వెలిగించి ఆట మొదలుపెట్టుదురు. బొమ్మను బట్టకు అదిమిపట్టినప్పుడు ఆ రంధ్రముల గుండ వచ్చు వెలుగున కిరీటము, హారము, భుజకీర్తులు మెరయును. ఇంచుక వెనుకకు, దీపము వైపునకు జరిపినచో రూపము పెరిగి, అంచులు చెదరి, నీడయై కమ్ముకొనును. హనుమంతుడు సముద్రము లంఘించు వేళ ఆటగాని చేయి జానెడు వెనుకకు పోయిన చాలును, తెరయంతయు అతడే యగును. నేటి ఛాయాగ్రాహకులు క్లోజప్పనియు, ఫోకసనియు చెప్పు విద్యలో కొంత భాగము ఆ చేతికి ఏనాడో తెలిసియుండెను.

వానలు మొగము చాటువేసిన యేట విరాటపర్వము ఆడించిన మేఘము కరుణించునని పల్లెలలో నమ్మకము. కావున కరవు ముదిరిన యేడే తెర ముందు జనము కూడెడివారు. కూడినవారిలో కథ తెలియనివాడు ఒక్కడును లేడు. కీచకుడు చచ్చుననియు, బృహన్నల గాండీవము పట్టుననియు పసిపిల్లవానికిని తెలియును. తెలిసిన కథను మరల చూడ కూర్చున్నవాని దృష్టి ఏమి జరుగునన్న దానిపై నిలువదు. ఎట్లు చూపిరన్న దానిపై నిలుచును. భీముని నీడ మొదట పడెనా, రూపము మొదట వచ్చెనా, కీచకుడు కూలునపుడు తాళము ఎచ్చట ఆగెను అను విమర్శ అచ్చట పుట్టును. పాండిత్యముతో ప్రమేయము లేని ఈ విమర్శను నేను మిక్కిలి గౌరవింతును. లేపాక్షి వీరభద్రాలయపు కప్పు క్రింద నిలిచి, అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ వ్రాయించిన కిరాతార్జునీయ చిత్రములను తల వెనుకకు వాల్చి చూచువానికి, ఆ ప్రక్కచూపు మొగములలోను, తీరిచిన పెద్ద కన్నులలోను తోలుబొమ్మల బంధుత్వము స్ఫురింపక మానదు.

పొరుగున కడప మండలములోని సురభి గ్రామమున 1885లో వనారస గోవిందరావు కీచకవధ ప్రదర్శించుటతో ఆరంభమైన నాటక సమాజమువారును పూర్వము తోలుబొమ్మలాడించిన కుటుంబములవారే. బొమ్మను విడిచి తామే వేషము కట్టిన మీదటను వారు తెర వెనుకటి మాయలను విడువలేదు. సురభివారి మాయాబజారులో వస్తువులు తమంత తాము కదలుటయు, మనుష్యులు కన్నుమూసి తెరచునంతలో మాయమగుటయు చూచిన సీమవాసులకు, అదే కథ వెండితెరపైకి వచ్చునాటికి, ఇంద్రజాలము క్రొత్త కాదు. ఈ కథ వ్యాసభారతమున లేదు. జనులు తమ కొరకు కల్పించుకొన్నది. బహుశః అందుచేతనే దానిని చూపు విధమునందు జనులకు అంత పట్టుదల.

పెన్నానది గట్టున, చింతల వేంకటరమణుని శిల్పవైభవమునకు ప్రసిద్ధి గాంచిన తాడిపత్రిలో 1880లో రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ జన్మించెను; అదే ఊర 1912 జులై 1న కె.వి. రెడ్డిగా పేరొందిన కదిరి వేంకటరెడ్డి జన్మించెను. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము చదివి, రోహిణీ సంస్థలో ‘గృహలక్ష్మి’ చిత్రమునకు ధనము లెక్కలు వ్రాసిన ఈ యువకుడు, తన యూరివాడే యైన మూలా నారాయణస్వామి, పులివెందుల ప్రాంతీయుడైన బి.ఎన్. రెడ్డి కలిసి నడపిన వాహినీ సంస్థలో చేరి, ‘భక్త పోతన’తో దర్శకుడయ్యెను. 1947లో ‘యోగి వేమన’ తీసెను. వేమన సమాధియున్న కటారుపల్లి కదిరికి దాపుననే యున్నది, చిత్తూరు నాగయ్య కట్టిన వేమన వేషమును ఈ ప్రాంతమువారు తమ యింటి పెద్దను చూచినట్లు చూచిరన్న అందు వింత లేదు. ఆ మీదట 1949లో ‘గుణసుందరి కథ’, 1951లో ‘పాతాళభైరవి’, 1957 మార్చి 27న ‘మాయాబజార్’. వర్షము కరవైన కడప, అనంతపుర మండలములవారే మద్రాసులో వాహినీ స్టూడియోను కట్టిరి, తరువాత విజయా సంస్థవారు దానిని ఆసియాలోనే పెద్దదన్న పేరు తెచ్చునంతగా నడపిరి. ఈ సంగతిని చరిత్రకారులు ఇంకను తగినంతగా తూచలేదు.

ఆ చిత్రములు పల్లెలకు వచ్చినది డేరా టాకీసులలో. శెనక్కాయ అమ్ముడై చేత నాలుగు డబ్బులాడు దినములలో ఊరి వెలుపలి బయలున డేరా వెలయును. బండిపై డప్పు మ్రోగును. రంగు కాగితములు గాలిలో ఎగురును. నేల టికెట్టు కొన్నవాడు ఇసుకను కుప్పగా చేసుకొని ఎత్తుగా కూర్చుండును. ఒక్క ప్రొజెక్టరుతో నడచు డేరాలలో రీలు రీలునకు నడుమ దీపము వెలుగును, బొమ్మ ఆగును. ఆపరేటరు రీలు మార్చు ఆ నాలుగు నిమిషములే ఈ సీమ చలనచిత్ర విమర్శకు పుట్టినిల్లని నేను తలంతును. చూచినదింకను కన్నులలో నుండగనే తర్కము రేగును. ఘటోత్కచుని నోటికి లడ్లు ఎగిరి వచ్చిన ఘట్టము గడచెనా, “దారం కట్టి లాగినారప్పా” యని ఒకడు, “దారమైతే దీపానికి మెరవదా? రీలు వెనక్కి తిప్పినారు” అని మరియొకడు. తోలుబొమ్మ కడ్డీ ఎచ్చట పట్టుదురో ఎరిగినవాని మనుమడే యా దారమును వెదకువాడు.

‘మాయాబజార్’లో ఈ జనులు మరల మరల చెప్పుకొను దృశ్యములలో ప్రియదర్శిని పేటికకు నేను అగ్రస్థానమిత్తును. ఆ పేటిక తెరచినవానికి తనకు ప్రియమైనది కనబడును. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి మణులు, బలరామునకు దుర్యోధనుడు కనబడుదురు. మాటలతో విప్పి చెప్పవలసిన మనస్తత్వములనెల్ల దర్శకుడు ఒక చిన్న వెలుగు చట్రములో నిలిపి చూపెను. చీకటిలో వెలుగు తెరను చూచుచున్న జనము, ఆ తెరలో వెలుగు పెట్టెను చూచుచున్న పాత్రలను చూచుట ఎంత లోతైన కల్పనయో, నేలపై కూర్చున్నవారికి ఎవ్వరును వివరింప నక్కరలేకపోయెను. నౌకావిహారపు వెన్నెల వారి రెండవ వాదము. ఆ వెన్నెలలో ఎక్కువ భాగము ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే దీపములతో అల్లినదే. నీటి తళుకు, మొగముపై పడు మెత్తని కాంతి, వెనుకటి చీకటి యొక్క సాంద్రత ఒకదాని నొకటి మించవు. మాధవపెద్ది గోఖలే, కళాధర్ కళాదర్శకత్వమున వాహినీ ఆవరణలో సుమారు 300 చిట్టి యిండ్లతో, చిట్టి దీపములతో నిర్మించిన ద్వారకను నిజమైన పట్టణమని వాదించినవారును ఉండిరి. ఆ వాదమున ఓడినవారిని నేను తక్కువ చేయను. కంటిని అంతగా నమ్మింపగలుగుటయే ఆ శిల్పుల విజయము.

కె.వి. రెడ్డి దృశ్యశైలిలో చమత్కారము ఎన్నడును తన్ను తాను చాటుకొనదు. నటులచే సంభాషణలను ముందే పలికించి, స్టాప్‌వాచీతో కాలము కొలిచి, చిత్రము ఎన్ని అడుగులగునో లెక్కగట్టి గాని చిత్రీకరణకు పూనుకొనెడివాడు కాడు. అతని వద్ద శిష్యరికము చేసిన సింగీతం శ్రీనివాసరావు మాటలేని ‘పుష్పక విమానము’ను 1987లో తీసి, చెప్పుటకంటె చూపుట మేలన్న ఆ విద్యను ఇంకొక మెట్టు ఎక్కించెను. ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుని క్రూరత్వమంతయు యస్.వి. రంగారావు కనుబొమలపై నిలిపిన కెమెరా, అక్కడ నుండి కదలుటకు తొందరపడదు. ఆ నిలుకడ తోలుబొమ్మను తెరకు అదిమిపట్టిన చేతి నిలుకడ వంటిదే. అదే చిత్రమున తోట రాముడైన నందమూరి తారకరామారావు 1985లో హిందూపురము నుండి శాసనసభకు ఎన్నికగుటలో తెరపై ఏర్పడిన పరిచయము పాలు ఎంతయో వేరుగ చెప్పనేల?

నిమ్మలకుంటలో నేడు ఆట తగ్గి, తోలుపై దీపపు గూళ్ళును, గోడ చిత్రములును చేయుట బ్రతుకుదెరువైనది. దళవాయి చలపతిరావునకు 2020లో పద్మశ్రీ లభించెను. ‘మాయాబజార్’ 2010లో రంగులు పులుముకొని మరల విడుదలైనపుడు, వెన్నెల చెడెనని వగచినవారును, నగల సొంపు ఇప్పుడు గదా తెలిసెనని మురిసినవారును పోట్లాడుకొనిరి. రంగు మన కంటికి పరాయిదను వాదమును నేనొప్పుకొనను. ఈ సీమ చూచిన మొదటి తెర రంగుల తెరయే. నాకు నచ్చనిది వేరొకటి. బార్ట్లే ప్రతి దీపమును తెలుపునకును నలుపునకును నడుమనున్న బూడిదవన్నెల మెట్లను లెక్కించుకొని పెట్టెను. అంత శ్రమతో తూచిన మెట్లపై అర్ధశతాబ్దము పిదప వేరొకరు నీలమును, పసుపును పరచినపుడు, నౌకావిహారమున శశిరేఖ చెక్కిలిపై వెలుగు ఎచ్చట ముగిసి నీడ ఎచ్చట మొదలగునో తెలియకపోయినది.