ఇద్దరు విరుపణ్ణలు, రెండు పెనుగొండలు

"పెనుగొండ చరిత్ర" అని వెతికితే ఫోన్ రెండు ఊళ్లను కలిపి చూపిస్తుంది. ఒకటి పశ్చిమ గోదావరిలో వాసవీ కన్యకాపరమేశ్వరి గుడి ఉన్న పెనుగొండ. రెండోది మా రాయలసీమలో, కోట ఉన్న పెనుకొండ. ఒక్క అక్షరం తేడా ఉంది కదా అనుకుంటే అదీ నిలవదు, శాసనాల్లో మా ఊరు కూడా పెనుగొండే. ఇంగ్లీషు స్పెల్లింగుల సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఒక ఏడాది ప్రాజెక్టు పనిలో ముగ్గురు పిల్లలు వాసవీదేవి కథను తెచ్చి మా కోటలో పెట్టేశారు. చక్కటి చేతిరాత, రంగుల బొమ్మలు. ఊరు మాత్రం గోదావరి పక్కది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బళ్లలో సోషల్ చెప్పినవాణ్ణి నేను. క్లాసులోకి ఇంటర్నెట్ రావచ్చా, రాకూడదా అనే చర్చ మీద నాకెప్పుడూ పెద్ద ఆసక్తి లేదు. అది వచ్చేసింది. 2022 డిసెంబరులో ప్రభుత్వ బళ్లలో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులిచ్చారు, ఆ తర్వాత గోడలకు పెద్ద టచ్ తెరలొచ్చాయి. అందులోని వీడియో పాఠాలు పనికొస్తాయి, కాదనను. కానీ శ్రీకాకుళానికీ మడకశిరకీ అవి ఒకే పాఠం చెబుతాయి. నాకు కావలసింది వేరు. కోటగోడ నీడలో ఆడుకునే పిల్లకు, ఆ గోడ గురించి ఎవరు, ఎప్పుడు రాశారో చూపించాలి.

లేపాక్షి గుడి కట్టించిన విరుపణ్ణ మా వైపు పిల్లలందరికీ తెలుసు. అచ్యుతరాయల కాలం, 1530ల మాట. రాజుగారి డబ్బు గుడికి వాడాడని నింద పడితే తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడని కథ. పెనుకొండ కోట ఉత్తర ద్వారం దగ్గరి కన్నడ శాసనంలో ఇంకో విరుపణ్ణ ఉన్నాడు. ఈయన మొదటి బుక్కరాయల కొడుకు, వీర విరుపణ్ణ ఒడెయ. శక సంవత్సరం 1276. నెట్‌లో ఎవరో ఈ ఇద్దర్నీ ఒకటి చేశారు, అక్కణ్ణుంచి ఇంకెవరో ఎత్తి రాసుకున్నారు. "గూగుల్లో ఒక్కరే అని ఉంది సార్" అన్నారు పిల్లలు. శక సంవత్సరానికి 78 కలపమన్నాను. బోర్డు మీద 1354 వచ్చింది. వెనక బెంచీ నుంచి ఒకడు, "అయితే ఈయప్ప రెండొందల ఏండ్లు బతికినాడా సార్?" అన్నాడు.

చరిత్ర పాఠం అక్కడ మొదలైందని నా లెక్క.

అచ్చయిన శాసన పాఠాన్ని తెర మీద పెట్టి నేను చదివాను. "ఒడెయ" దగ్గర నేను అర్థం చెప్పేలోపే హిందూపురం పిల్ల ఒకామె లేచింది. వాళ్లింట్లో కన్నడం మాట్లాడతారు. "ఒడెయ అంటే ఓనరు సార్, మా అవ్వ అంటాది" అంది. ఇంట్లో మాట బళ్లో పనికొస్తుందని ఆ పిల్ల ఎప్పుడూ అనుకుని ఉండదు. సరిహద్దు ఊళ్లలో టీచరుకు దొరికే ఈ అదృష్టం గురించి మనం ఎక్కువ మాట్లాడుకోం.

అసలా పుట మా తెర మీదికి రావడమే పెద్ద కథ. మద్రాసు ప్రభుత్వంలో శాసన శాఖ చూసిన జర్మన్ పండితుడు హుల్ట్ష్ కాలం నుంచి, రాతి మీద తడికాగితం అద్ది, సిరా పట్టించి నకళ్లు తీసుకుపోయారు. రాయి ఇక్కడే ఉంది, దాని పాఠం మద్రాసు, ఊటీ, మైసూరు తిరిగింది. చదవాలంటే అనంతపురమో తిరుపతో యూనివర్సిటీ లైబ్రరీకి పోవాలి. పది లక్షల పుస్తకాలు స్కాన్ చేద్దామని నడుం కట్టినవాళ్లలో ముందున్న రాజ్ రెడ్డి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టినవాడు. అలా తయారైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా తర్వాత మూతపడినా, పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బతికాయి. అయితే వాటిలో పేరు పెట్టి వెతకడం మాత్రం వృథా ప్రయాస. తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఇష్టమొచ్చినట్టు ఎక్కించారు. దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో తెలుగు, కన్నడ పాఠాలు వాటి లిపుల్లోనే ఉండటంతో, స్కాన్‌లో మాట కొడితే ఏమీ దొరకదు. పుట తర్వాత పుట తిప్పాల్సిందే. క్షణంలో దొరికేది నలుగురూ ఎత్తి రాసుకున్నది, తిప్పితే దొరికేది రాతి మీద ఉన్నది. పిల్లలకు ఈ తేడా చెబితే ఎక్కదు, ఒక పీరియడంతా తిప్పిస్తే ఎక్కుతుంది.

ఇంగ్లీషులో అయితే పని సులువు. 1900లో రాబర్ట్ సూయల్ రాసిన విజయనగర చరిత్ర ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా ఉంది. 1565 ఓటమి తర్వాత 550 ఏనుగుల మీద నిధులెత్తుకుని పెనుకొండకు పారిపోయారని అందులో రాశాడు. పిల్లలు కేకలేశారు, మన ఊరికే! కాసేపటికి ఒకమ్మాయి, "ఏనుగులు లెక్కబెట్టిందెవరు సార్?" అని అడిగింది. యుద్ధానికీ పుస్తకానికీ మధ్య 335 ఏళ్లున్నాయి. సూయల్ ఎవరెవర్ని నమ్మి రాశాడో చూస్తూ పోర్చుగీసు రచయితల దాకా పోయాం, గంట కొట్టేశారు.

ధర్మవరంలో దారి వేరు. అక్కడ పిల్లలకు శాసనాలు రుచించలేదు, బట్ట రుచించింది. లేపాక్షి కప్పు మీది బొమ్మలు నేల మీంచి చూస్తే మెడ నొప్పి తప్ప ఏమీ మిగలదు. అదే మంచి ఫొటోను తెర మీద పెద్దది చేస్తే చీరల అంచులు, గళ్లు, కొంగులు విడివిడిగా కనిపిస్తాయి. ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది, దాని అంచులు లేపాక్షి నుంచే వచ్చాయని ఊళ్లో అంతా అంటారు. నిజమా కాదా తేల్చమన్నాను. ఇళ్లనుంచి పాత చీరలు తెచ్చి తెర పక్కన పట్టుకున్నారు. మగ్గం ఇంటి కుర్రాడొకడు బొమ్మ దగ్గరికి పోయి, "ఇంత వెడల్పు అంచుకు వేరే నాడె పెట్టాల సార్, మా నాయన అట్లే నేస్తాడు" అన్నాడు. అప్పట్లో కూడా అట్లాగే నేశారా, లేక బొమ్మ గీసినాయన తన ఇష్టానికి గీశాడా అని పక్కవాడు తగులుకున్నాడు. తేలలేదు. మర్నాడు వాళ్ల నాయన్ని బడికి పిలిపించాం.